ప్రీయాంప్ ట్యూబు మార్చేముందు: బ్రాండు కాదు, ముందు చోటు చూడండి

గుడ్ ఫ్రైడేకి రెండు రోజుల ముందు ప్రాక్టీసులో మా చర్చి గిటార్ యాంప్ మొరాయించింది. ఫెండర్ బ్లూస్ జూనియర్, 15 వాట్లది. స్విచ్ వేసి పది నిమిషాలు కాగానే, గిటార్ మీద చెయ్యి వేయకపోయినా, కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. టెన్షన్‌లో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. లోపలున్న అయిదు ట్యూబులూ (సిగ్నల్‌ని పెంచే గాజు గొట్టాలు) మార్చి ఇచ్చారు. శబ్దం పోయింది. పాతవి ఏవండీ అంటే పారేశామన్నారు.

ఏడాదిన్నరకి మళ్లీ అదే చిటపట. ఈసారి ఒక్క కొత్త ట్యూబు తెప్పించుకుని, నేనే కూర్చుని ఒక్కో చోటా పెట్టి చూశాను. గిటార్ కేబుల్ గుచ్చే చోటుకి దగ్గరగా ఉన్న మొదటి ట్యూబు తీసి కొత్తది పెట్టగానే యాంప్ ప్రశాంతంగా అయిపోయింది. మిగతా నాలుగింటికీ ఏ జబ్బూ లేదు. మొదటిసారి కూడా ఇంతే జరిగి ఉంటుందని ఇప్పటికీ నా నమ్మకం.

అప్పటి నుంచి "ఏ బ్రాండు ట్యూబు మంచిది?" అని ఎవరడిగినా నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఏ చోట వేయడానికి? జబ్బు తగ్గడానికా, సౌండు మారడానికా? ఈ రెండింటికీ జవాబు దొరికితే బ్రాండు సంగతి దానంతటదే తేలిపోతుంది. జవాబు లేకుండా కొంటే డబ్బు పోతుంది, తేడా వినపడదు.

ముందు తప్పు ట్యూబుదేనా?

ప్రీయాంప్ ట్యూబులు, అంటే గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే చిన్నవి, తొందరగా పోవు. బ్లూస్ జూనియర్‌లో ఉండే రెండు ఈఎల్84ల లాంటి పవర్ ట్యూబులు, అంటే చివర్లో స్పీకర్‌ని నడిపేవి, బరువు మోస్తాయి, బాగా వేడెక్కుతాయి, అరిగిపోతాయి. చిన్నవాటిలో ఒక్కోదానికీ రెండు సగాలుంటాయి, ఒక్కో సగంలో పారే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు చుట్టుపక్కలే. బాగున్న ట్యూబు ఏళ్ల తరబడి నడుస్తుంది. "రెండేళ్లయింది కదా, మార్చేద్దాం" అనే లెక్క వీటికి పనికిరాదు.

పాడైనప్పుడు మాత్రం కొన్ని గుర్తులు ఇస్తుంది. ఏమీ వాయించకపోయినా చిటపట. ఒక నోటు కొట్టాక దాని వెనకాలే గంట మోగినట్టు 'ణంగ్' మని సాగే మోత. వాల్యూమ్ ఉన్నట్టుండి పడిపోవడం. గాజు లోపల పైభాగంలో అద్దంలా మెరిసే వెండిరంగు పూత ఉంటుంది కదా, అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడిందని అర్థం. ఆ ట్యూబు చనిపోయినట్టే. ఇక ఎడతెరపి లేకుండా వచ్చే 'గుమ్మ్' అనే హమ్‌కి ట్యూబుని అనుమానించడం చివర్లో చేయాలి. అది ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్ల నుంచో, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్ పాయింట్ నుంచో, గిటార్‌లో తీగల మోతని పట్టే సింగిల్ కాయిల్ పికప్ నుంచో వస్తుంది.

ట్యూబు కొనకముందు రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇది మరీ ముఖ్యం. యాంప్ ఆపి, ప్లగ్ పీకి, చల్లారాక అనుమానం ఉన్న ట్యూబుని తీసి, మళ్లీ పెట్టి, ఇలా మూడు నాలుగు సార్లు చేయండి. పిన్నుల మీద, సాకెట్ లోపల పేరుకున్న మకిలి ఆ రాపిడికి పోతుంది. పిన్నులకి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం రాసి, పూర్తిగా ఆరాక చేస్తే ఇంకా మంచిది. ట్యూబు చెడిందనుకున్న యాంపులు దీనితోనే బాగుపడడం నేను రెండుసార్లు చూశాను.

కొత్త ట్యూబు వేసినా అదే చోట చిటపట ఆగకపోతే, తప్పు ట్యూబుది కాదు, దాని ప్లేటుకి (లోపలి లోహపు భాగానికి) కట్టిన 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ది కావచ్చు. అది రిపేరు తెలిసినవాళ్ల పని. యాంప్ ఆపి ఉన్నా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు. ఛాసీ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) విప్పకండి. ట్యూబు మార్చడానికి విప్పాల్సిన అవసరం కూడా లేదు.

వీ1 ఎందుకంత ముఖ్యం

ట్యూబులకి వరస నంబర్లు ఉంటాయి: వీ1, వీ2, వీ3. గిటార్ సిగ్నల్ మొదట చేరేది వీ1కి. సాధారణంగా ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరగా, పెద్ద పవర్ ట్యూబులకి దూరంగా ఉంటుంది. డీలక్స్ రివర్బ్ లాంటి ఫెండర్‌ని వెనక నుంచి చూస్తే కుడి చివర ఉండేది అదే.

గిటార్ పికప్ ఇచ్చేది వోల్టులో కొద్ది భాగం. ఆ సన్నటి సిగ్నల్‌ని వీ1 అరవై రెట్లు పెంచిందనుకోండి, దానితో పాటు వీ1లో పుట్టిన నాయిస్ కూడా తర్వాతి మెట్లన్నీ ఎక్కుతూ పెరుగుతుంది. అదే నాయిస్ చివరి ట్యూబులో పుడితే మనకి వినపడనే వినపడదు. అందుకే చేతిలో ఉన్న ట్యూబుల్లో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉన్నదాన్ని వీ1లో పెట్టాలి. మిగతా చోట్లకి మామూలుది చాలు. అయిదు ఖరీదైన ట్యూబులు కొనడం కంటే, ఉన్న ట్యూబుల్నే చోట్లు మార్చి చూడడం చాలాసార్లు ఎక్కువ మేలు చేస్తుంది.

కొందరికి ఒక భయం ఉంటుంది: ట్యూబు మారిస్తే బయాస్ (ట్యూబులో నిలకడగా పారే కరెంటు) సెట్ చేయించాలి కదా అని. అది పవర్ ట్యూబుల సంగతి. ప్రీయాంప్ ట్యూబు తన బయాస్ తానే చూసుకుంటుంది. దాని కేథోడ్‌కీ (ఎలక్ట్రాన్లు వదిలే భాగానికీ) గ్రౌండ్‌కీ మధ్య సాధారణంగా 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. కరెంటు పెరగబోతే ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ పెరిగి, అదే కరెంటుని వెనక్కి లాగుతుంది. మీటరు అక్కర్లేదు, మెకానిక్ అక్కర్లేదు.

రకం మారిస్తే వచ్చే తేడా

మార్కెట్‌లో పేర్లు చూస్తే తల తిరుగుతుంది కానీ విషయం చిన్నదే. 12ఏఎక్స్7 అన్నది అమెరికా పేరు, ఈసీసీ83 అన్నది యూరప్ పేరు. రెండూ ఒకటే. 7025 అంటే ఒకప్పుడు నాయిస్ తక్కువగా ఉండేలా తయారుచేసిన 12ఏఎక్స్7. ఇప్పటి సరుకు మీద ఆ అంకెకి పెద్దగా అర్థం లేదు. ఒక్కో గాజు గొట్టంలో రెండు ట్యూబులు కవల పిల్లల్లా ఉంటాయి, అందుకే ఒక్క ట్యూబు పోతే రెండు మెట్ల పని దెబ్బతింటుంది.

సౌండు మారడం కోసమే ఐతే, బ్రాండు మార్చేకంటే రకం మార్చడం వల్ల ఎక్కువ తేడా వస్తుంది. 12ఏఎక్స్7కి గెయిన్ అంకె, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పేది, 100. దాని చోటే పిన్నులకి పిన్నులు సరిపోయే తోబుట్టువులు ఉన్నాయి: 5751కి 70, 12ఏటీ7కి 60, 12ఏవై7కి 44, 12ఏయూ7కి ఇరవై లోపు. ఇవి ట్యూబు సొంత శక్తిని చెప్పే అంకెలు. సర్క్యూట్‌లో పెట్టాక అంత రాదు. మామూలు ఫెండర్ తరహా మొదటి మెట్టులో 12ఏఎక్స్7 ఇచ్చేది సుమారు అరవై రెట్లే.

నేను ఎక్కువమందికి చెప్పేది 5751. బ్లూస్ జూనియర్ వాల్యూమ్ గుండ్రంలో 2 దాటగానే మీద పడిపోతుంది. చిన్న హాల్లో, పాటకి వెనక నెమ్మదిగా కార్డ్స్ వాయించేవాళ్లకి అది ప్రాణం తీస్తుంది. వీ1లో 5751 వేస్తే ఆ గుండ్రం 4 దాకా తిప్పుకునే వెసులుబాటు వస్తుంది. పికింగ్ మెల్లగా కొడితే శుభ్రంగా, గట్టిగా కొడితే కొంచెం గరుకుగా పలుకుతుంది. స్వభావం మాత్రం 12ఏఎక్స్7దే, కాస్త సద్దుమణిగి ఉంటుంది.

12ఏవై7 ఇంకో అడుగు కిందికి. 1950ల ఫెండర్ ట్వీడ్ డీలక్స్‌లో మొదటి చోట ఇదే ఉండేది. మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. క్లీన్ సౌండు ఇష్టపడేవాళ్లకి, పెడల్స్‌తోనే డిస్టార్షన్ తెచ్చుకునేవాళ్లకి నచ్చుతుంది. 12ఏటీ7ని వీ1లో పెట్టడం నాకు నచ్చదు. అంకె చూస్తే 5751కి దగ్గరే, కానీ ఆ ట్యూబు ఇంకా ఎక్కువ కరెంటుతో నడవడానికి పుట్టింది. 12ఏఎక్స్7 కోసం లెక్కగట్టిన రెసిస్టర్ల మధ్య పెడితే సౌండు పొడిగా, బిగుసుకుపోయినట్టు వస్తుంది. 12ఏయూ7ని వీ1లో పెడితే గెయిన్ మరీ పడిపోయి యాంప్ నీరసంగా పలుకుతుంది. పాడవదు, ప్రయత్నించి చూడొచ్చు, కానీ దానికోసం ఒకటి కొనమని చెప్పను.

మెటల్, హార్డ్ రాక్ వాయించేవాళ్లకి ఈ తగ్గింపులు అక్కర్లేదు. మార్షల్ డీఎస్ఎల్40లో నాలుగు ఈసీసీ83లు ఉంటాయి. హై గెయిన్ ఛానల్ కోసమే ఆ సర్క్యూట్ కట్టారు. వాళ్లు రకం మార్చకుండా, వీ1కి మాత్రం నాయిస్ తక్కువ ఉన్నదాన్ని ఏరి వేసుకుంటే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈఎల్84కీ తొమ్మిది పిన్నులే, ఈసీసీ88 అనే ఇంకో రకానికీ తొమ్మిది పిన్నులే. సాకెట్‌లోకి చక్కగా దిగిపోతాయి కూడా. కానీ లోపల పిన్నుల కనెక్షన్లు వేరు. బ్లూస్ జూనియర్‌లో పెద్దవీ చిన్నవీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తీసేటప్పుడే ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పొట్టి ప్లేటు, పొడుగు ప్లేటు

గాజులోంచి చూస్తే మధ్యలో రెండు బూడిదరంగు పెట్టెలు నిలబడి ఉంటాయి. వాటినే ప్లేట్లు అంటారు. కొన్ని ట్యూబుల్లో అవి పొట్టిగా, కొన్నిటిలో పొడుగ్గా ఉంటాయి. స్టీరియో వాళ్లు పొడుగువాటిని మెచ్చుకుంటారు. నిజమే, వాటిలో సౌండు కొంచెం విశాలంగా ఉంటుందని నాకూ అనిపించింది. కానీ పొడుగు ప్లేటు తొందరగా వణుకుతుంది. వణికితే ట్యూబు మైకులా మారి, ఆ వణుకునే స్పీకర్లోకి పంపిస్తుంది. 'ణంగ్' మోతకి కారణం ఇదే. మైక్రోఫోనిక్ అయ్యిందని అంటారు.

యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే కాంబోలో ట్యూబులు స్పీకర్ పక్కనే తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. బేస్ నోటు కొట్టిన ప్రతిసారీ పెట్టెంతా కదులుతుంది. కాబట్టి కాంబో వీ1లో పొట్టి ప్లేటే వేయండి. హెడ్ (యాంప్) వేరు, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) వేరుగా ఉన్నవాళ్లు పొడుగుదాన్ని ప్రయత్నించొచ్చు. పేరు చూసి మోజుపడి కాంబోలో పొడుగు ప్లేటు వేసి, నెలకే ణంగ్ మంటోందని బాధపడేవాళ్లు చాలామంది. ట్యూబు తప్పేం లేదు, చోటు తప్పు.

మైక్రోఫోనిక్ అవునో కాదో తేల్చుకోవడానికి పెన్సిల్ చాలు. యాంప్ ఆన్‌లో, వాల్యూమ్ తక్కువలో పెట్టి, పెన్సిల్ రబ్బరు వైపుతో ఒక్కో ట్యూబుని మెల్లగా తట్టండి. లోహంతో చేసినది ఏదీ వద్దు. వీ1ని తడితే స్పీకర్లో చిన్న 'టక్' రావడం మామూలే. తట్టాక మోత సాగితేనో, ఈల వేస్తేనో దాన్ని వీ1 నుంచి తీసేయాలి. పారేయకండి, చివరి చోటుకి మారిస్తే ఏ ఇబ్బందీ లేకుండా పనిచేయొచ్చు.

పెట్టె మీది పేరు

షాపులో పదిహేను పేర్లు కనిపిస్తాయి కానీ ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. స్లొవేకియాలోని చాడ్‌త్సాలో జేజే. రష్యాలో సరాతోవ్ నగరంలో ఉన్న ఫ్యాక్టరీ నుంచి సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్, టంగ్ సోల్, ఇప్పటి ముల్లార్డ్, జెనలెక్స్ గోల్డ్ లయన్, ఇన్ని పేర్లూ వస్తాయి. చైనాలో చాంగ్‌షా నగరం వైపు నుంచి ఇంకొన్ని. యాంప్ కంపెనీలు తమ పేరు ముద్రించి అమ్మేవి కూడా ఈ ఫ్యాక్టరీల సరుకే. వాళ్లు పరీక్షించి, ఏరి అమ్ముతారు, ఆ ఏరివేతకే మనం ఎక్కువ కడతాం. వీ1 కోసం ఆ ఎక్కువ కట్టడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. మిగతా చోట్లకి దండగ.

2022 మార్చిలో రష్యా నుంచి ఎగుమతులు ఆగిపోయినప్పుడు ఒక్కసారిగా అన్నిచోట్లా స్టాక్ అయిపోయింది. తర్వాత సరఫరా మళ్లీ మొదలైంది కానీ ధరలు పాత చోటుకి రాలేదు.  మన దగ్గర దిగుమతి ఖర్చు కలిసి ఇంకా ఎక్కువ అవుతుంది.

నా చెవికి తెలిసినంతలో: జేజే ఈసీసీ83ఎస్ పొట్టి ప్లేటుది, కొంచెం ముదురుగా, వెచ్చగా పలుకుతుంది. కీచుమనే యాంప్‌కి మందు లాంటిది. కాంబోల్లో కుదురుగా ఉంటుంది. ఇప్పటి టంగ్ సోల్ 12ఏఎక్స్7 వెలుగ్గా, గెయిన్ ఎక్కువగా ఉంటుంది. ముసుగేసినట్టు పలికే యాంప్‌కి బాగుంటుంది, అసలే పదునుగా ఉన్న యాంప్‌లో చెవులు నొప్పెడతాయి. ఎలక్ట్రో హార్మోనిక్స్ రెండింటికీ నడుమ, నాయిస్ తక్కువ. ఏదీ తెలియనప్పుడు నేను అదే తీసుకుంటాను. సోవ్‌టెక్ 12ఏఎక్స్7డబ్ల్యూఏ మోటుది, గట్టిది, కానీ నాకు చప్పగా అనిపిస్తుంది. ఈ తేడాలన్నీ ఉప్పు కారాల తేడాలే. కూరే వేరు కావాలంటే స్పీకర్ మార్చాలి. మొదటిసారి డబ్బు పెట్టేవాళ్లు స్పీకర్ గురించి కూడా ఆలోచించండి, ట్యూబు కంటే అది పదింతలు మారుస్తుంది.

పాత సరుకు మోజు

ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో తయారైన అసలు ముల్లార్డ్, జర్మనీ టెలిఫంకెన్, అమెరికా ఆర్‌సీఏ. వీటి పేరు చెబితే గిటారిస్టుల కళ్లు మెరుస్తాయి. నాకు ఒక స్నేహితుడి టెలిఫంకెన్ ఈసీసీ83ని ఒక సాయంత్రమంతా వాయించే అదృష్టం దక్కింది. నిశ్శబ్దం అంటే అదే. నోటుకీ నోటుకీ మధ్య గది గోడలు వినపడ్డాయి. కానీ ఆ ఒక్క ట్యూబు డబ్బుతో అయిదారు కొత్తవి వస్తాయి, పైగా నకిలీలు ఎక్కువ. గాజు మీద ముద్ర ఎవరైనా వేయొచ్చు. టెలిఫంకెన్‌కి అడుగున, పిన్నుల మధ్య గాజులోనే అచ్చుపోసిన చిన్న డైమండ్ గుర్తు ఉంటుంది. అది లేకుండా టెలిఫంకెన్ అంటే నమ్మకండి. ఇప్పటి ముల్లార్డ్ పెట్టె మీద పేరు పాతదే కానీ లోపలిది సరాతోవ్ సరుకు. మంచిదే, కాకపోతే బ్లాక్‌బర్న్‌ది కాదని తెలిసి కొనాలి.

మన దగ్గరా వాల్వులు తయారయ్యేవి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో రేడియోల కోసం చేసింది. ఆ రోజుల్లో వాటిని ట్యూబు అనేవాళ్లు కాదు, వాల్వు. హైదరాబాద్ కోఠిలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత రేడియోలు బాగుచేసే పెద్దవాళ్లని అడిగితే, పాత వాల్వు మైకుసెట్లలోంచి తీసిన ఈసీసీ83 దొరికే అవకాశం ఉంటుంది. దొరికితే అక్కడే ఉప్పొంగిపోకండి. వాడేసినదా, కొత్తదా తెలియదు. వీ1లో పెట్టి పెన్సిల్‌తో తట్టి చూశాకే మాట.

చివరి చోటు, రివర్బ్ చోటు

పవర్ ట్యూబుల పక్కన ఉండేది ఫేజ్ ఇన్వర్టర్. సిగ్నల్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని తలకిందులు చేసి, రెండు పవర్ ట్యూబులకీ పంచుతుంది. బ్లూస్ జూనియర్‌లో అది వీ3. రెండు సగాలూ సమంగా ఉన్నవని చెప్పి ఈ చోటుకి ఎక్కువ ధరకి అమ్ముతారు. నేను రెండూ వేసి విన్నాను, తేడా పట్టలేకపోయాను. మామూలు 12ఏఎక్స్7 చాలు. సౌండు ఇంకా శుభ్రంగా, కుదురుగా కావాలంటే ఇక్కడ 12ఏటీ7 బాగుంటుంది. వీ1లో నాకు నచ్చని ఆ ట్యూబే ఇక్కడ నచ్చింది. డీలక్స్ రివర్బ్‌లో ఫెండర్ వాళ్లు ఇదే వేశారు.

డీలక్స్ రివర్బ్‌లో రివర్బ్ (ప్రతిధ్వని) తెచ్చే స్ప్రింగుల్ని నడిపేది ఇంకో 12ఏటీ7. దాన్ని తీసి 12ఏఎక్స్7 పెట్టకండి, స్ప్రింగుల్ని కదిలించేంత కరెంటు దానికి లేదు. రివర్బ్ గుండ్రం 2 దగ్గరే గుహలో పాడుతున్నట్టు ఉంటే అక్కడ 12ఏయూ7 వేస్తే అదుపులోకి వస్తుంది. ఈ ట్యూబుకి నేను ఇచ్చే ఒకే ఒక్క ఉద్యోగం అది. బ్లూస్ జూనియర్ వాళ్లకి ఈ బాధ లేదు, వాళ్ల రివర్బ్ చిప్‌తో నడుస్తుంది.

మార్షల్ తరహా వాటిలో ఇంకో చోటుంది. 1981లో వచ్చిన జేసీఎం800లో వీ2లో ఒక సగం టోన్ కంట్రోళ్లకి ముందు కేథోడ్ ఫాలోవర్‌గా (సిగ్నల్‌ని పెంచకుండా, బలంగా ముందుకి పంపే మెట్టుగా) పనిచేస్తుంది. అక్కడ కేథోడ్‌కీ లోపలి వేడి తీగకీ మధ్య వోల్టేజీ బాగా ఎక్కువ, ట్యూబు మీద ఒత్తిడి ఎక్కువ. మీ దగ్గర అపురూపమైన పాత ట్యూబు ఉంటే దాన్ని ఈ చోట పెట్టకండి. గట్టి కొత్తది వేయండి.

మార్చేటప్పుడు

వాయించడం ఆపి ప్లగ్ పీకాక ఇరవై నిమిషాలు ఆగండి. పవర్ ట్యూబు వేడికి చెయ్యి తగిలితే బొబ్బెక్కుతుంది. చిన్న ట్యూబుల మీద లోహపు తొడుగు ఉంటే దాన్ని కొద్దిగా నొక్కి తిప్పితే వచ్చేస్తుంది. లోపల స్ప్రింగు ఉంటుంది, ఎగిరిపోకుండా పట్టుకోండి. ట్యూబుని గుడ్డతో, గాజు మొదలు దగ్గర పట్టుకుని, తిప్పకుండా, అటూ ఇటూ వెంట్రుకవాసి కదుపుతూ నిటారుగా లాగండి. కొసన సన్నటి మొన ఉంటుంది, గాలి తీసేసి మూసింది అక్కడే. అది విరిగితే ట్యూబు పోయినట్టే.

కొత్తది పెట్టేముందు పిన్నులు చూడండి. తొమ్మిది పిన్నులూ గుండ్రంగా నిలబడి, ఒక చోట ఖాళీ ఉంటుంది. సాకెట్‌లోనూ అలాంటి ఖాళీయే ఉంటుంది. రెండు ఖాళీలూ కలిపితే దానంతటదే దిగుతుంది. వంగిన పిన్ను ఉంటే చిన్న కటింగ్ ప్లేయర్ ముక్కుతో మెల్లగా నిలబెట్టండి. బలవంతంగా నొక్కితే పిన్ను మొదట్లో గాజు చిట్లుతుంది.

ఒకసారికి ఒకటే మార్చండి. మూడూ కలిపి మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడగొట్టిందో జన్మలో తెలియదు.

అమెరికా నుంచి చుట్టాలు యాంపే తెచ్చిపెట్టినవాళ్లకి ఒక మాట: వెనక 120 వోల్టులు అని రాసుంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెట్టకండి. దాని వాట్లకి సరిపడే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్యూబులే తెప్పించుకునేవాళ్లకి ఆ గొడవ లేదు. అగ్గిపెట్టెంత డబ్బాలు, సాక్సుల్లో చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టమనండి. డల్లాస్ నుంచి మా పెదనాన్న కొడుకు అలా ఆరు తెచ్చాడు, ఒక్కటీ చెక్కుచెదరలేదు.

చెవిని ఎంతవరకు నమ్మాలి

ట్యూబు తీసి, చల్లారి, కొత్తది పెట్టి, వేడెక్కేసరికి అరగంట పడుతుంది. పాత సౌండు అప్పటికి చెవిలో ఉండదు. కొత్తదానికి డబ్బు పెట్టాం కాబట్టి బాగున్నట్టే అనిపిస్తుంది. నేను చేసేది ఇది: లూపర్ పెడల్‌లో (వాయించింది మళ్లీ మళ్లీ వినిపించే పెడల్) నాలుగు బార్లు రికార్డు చేసి పెట్టుకుంటాను. ఒకే వాయింపు కదా, చేతి తేడా ఉండదు. ఫోన్‌ని ఒకే కుర్చీ మీద, ఒకే దూరంలో పెట్టి ప్రతి ట్యూబుకీ రికార్డు చేస్తాను. ఇంకో సంగతి, ఎక్కువ గెయిన్ ట్యూబు గట్టిగా వినపడుతుంది, గట్టిగా వినపడేది ఎప్పుడూ మంచిగా తోస్తుంది. రెండింటి వాల్యూమూ సమం చేశాకే పోల్చాలి. ఇలా చేస్తే నేను ఎంతో గొప్పదనుకున్న ఒక ట్యూబు కేవలం గట్టిది మాత్రమేనని తేలింది. దాన్ని వీ2కి పంపించాను.

ప్రస్తుతం మా చర్చి యాంప్‌లో వీ1లో 5751, వీ2లో ఆ గట్టిది, వీ3లో 12ఏటీ7 ఉన్నాయి. యాంప్ కవర్ జేబులో ఒక జేజే ఈసీసీ83ఎస్, ఒక పెన్సిల్, చిన్న టార్చిలైటు. తీసిన ప్రతి ట్యూబునీ దాని డబ్బాలోనే పెట్టి, ఏ చోటు నుంచి, ఏ తేదీన, ఎందుకు తీశానో మార్కర్‌తో రాస్తాను. కిందటి క్రిస్మస్‌కి కాండిల్ సర్వీసు మధ్యలో చిటపట మొదలైతే, రెండు పాటల తర్వాత వాక్యం (ప్రసంగం) చెబుతుండగా ప్లగ్ పీకి వెనక్కి చేరాను. వీ1 ఇంకా వేడిగానే ఉంది. చేతిరుమాలుతో పట్టుకుని తీసి, జేబులోది పెట్టాను. చివరి పాటకి యాంప్ సిద్ధంగా ఉంది.